ఇంగ్లీషు వాక్యంలో క్రియా, సర్వనామమూ కర్తను సరిగ్గా అనుసరించేలా రాయడం ఎలా

కర్తను బట్టి క్రియ మారడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. నేను వచ్చాను, నువ్వు వచ్చావు, అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, వాళ్ళు వచ్చారు, అవి వచ్చాయి అంటూ మన క్రియ ఇన్ని రూపాలు దాల్చే చోట ఇంగ్లీషు "కేమ్" అనే ఒక్క రూపంతో సరిపెడుతుంది. అయినా మన దరఖాస్తుల్లో, ఆఫీసు ఉత్తరాల్లో, ఈమెయిళ్ళలో "హి డోంట్ నో", "ద లిస్ట్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ రెడీ" వంటి వాక్యాలు దొర్లుతూనే ఉంటాయి. నియమం తెలియకపోవడమే దీనికి కారణమని నేను అనుకోను. తెలుగు క్రియ కర్తను కాక వేరే పదాన్ని అనుసరించే చోట్లు కొన్ని ఉన్నాయి, అసలు దేన్నీ అనుసరించని చోట్లు మరికొన్ని ఉన్నాయి. ఇంగ్లీషులో మన తప్పులు చాలావరకు సరిగ్గా ఆ చోట్లలోనే పడతాయి. కాబట్టి నియమాల పట్టికను మళ్ళీ మొదటినుంచి వల్లించడం కంటే, ఆ చోట్లను గుర్తుపట్టి అక్కడ ఆగి సరిచూసుకోవడం నేర్చుకుంటే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

ముందుగా పని ఎంతో తేల్చుకుందాం. ఇంగ్లీషు క్రియ కర్తను బట్టి మారేది దాదాపుగా వర్తమానకాలంలోనే. కర్త ఏకవచనంలో ఉండి, అది నేను, నువ్వు కాక మూడో మనిషో వస్తువో అయినప్పుడు క్రియ చివర "ఎస్" చేరుతుంది: "షి వర్క్స్", "ద బస్ స్టాప్స్". "హ్యావ్" అన్నది "హ్యాజ్" అవుతుంది, "డు" అన్నది "డజ్" అవుతుంది. భూతకాలంలో "వాజ్", "వర్" అనే జంట ఒక్కటే మారుతుంది. "వెంట్", "రోట్", "సెడ్" వంటివి ఎవరికైనా ఒకటే. అందువల్ల మీరు రాసిన పేజీని సరిచూసేటప్పుడు ప్రతి క్రియ దగ్గరా ఆగవలసిన పని లేదు. వర్తమానకాల క్రియల కింద, "వాజ్", "వర్"ల కింద మాత్రం పెన్సిలుతో గీత గీసి, వాటినే పరీక్షించండి. ఇక్కడ పరిభాష గురించి ఒక హెచ్చరిక అవసరం. తెలుగు వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే అతడు, ఆమె, అది, వారు, అవి. ఇంగ్లీషు పుస్తకాల్లో "ఫస్ట్ పర్సన్" అంటే నేను, మేము. రెండు భాషల వ్యాకరణ పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివే విద్యార్థి ఈ పేర్ల దగ్గర తికమక పడితే నియమం మొత్తం తలకిందులవుతుంది.

అసలు కర్త ఎక్కడుందో కనిపెట్టడం

క్రియ కింద గీత గీశాక, అది ఎవరి గురించి లేదా దేని గురించి చెబుతోందో వెతకాలి. తెలుగులో ఇది తేలిక, ఎందుకంటే మన వాక్యంలో విశేషణాలూ విభక్తులతో వచ్చే పదాలూ ముందు వచ్చి, అసలు నామవాచకం చివర నిలుస్తుంది. విద్యార్థుల జాబితా తయారైంది అన్నప్పుడు తయారైంది అనే క్రియకు ఆనుకుని ఉన్నది జాబితా, అదే కర్త. ఇంగ్లీషులో వరుస తిరగబడుతుంది. "ద లిస్ట్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ రెడీ" అనే వాక్యంలో కర్త అయిన "లిస్ట్" ముందే వెళ్ళిపోయి, క్రియ పక్కన "స్టూడెంట్స్" వచ్చి కూర్చుంటుంది. దగ్గర ఉన్న పదాన్ని క్రియతో కలపడానికి అలవాటు పడ్డ మన చెయ్యి అక్కడ "ఆర్" రాసేస్తుంది.

దీనికి విరుగుడు కూడా తెలుగులోనే ఉంది. అనుమానం వచ్చిన ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో తెలుగులో చెప్పుకుని, క్రియకు ముందు చివరగా ఏ పదం నిలుస్తుందో చూడండి. "ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్" అంటే మామిడిపళ్ళ నాణ్యత; చివర నిలిచింది నాణ్యత, కాబట్టి "ఈజ్" లేదా "వాజ్" రావాలి. "ద మదర్, అలాంగ్ విత్ హర్ చిల్డ్రన్" అంటే పిల్లలతో పాటు తల్లి. వచ్చింది తల్లి, కాబట్టి "హ్యాజ్ కమ్". "యాజ్ వెల్ యాజ్", "టుగెదర్ విత్" అనేవి కూడా ఇదే తీరు. తెలుగులో "తో పాటు" చేరిన పదం కర్త కానట్టే ఇంగ్లీషులోనూ కాదు.

విద్యార్థులు కష్టపడి బట్టీ పట్టే ఒక భేదం కూడా ఈ పద్ధతిలో విడిపోతుంది. "ద నంబర్ ఆఫ్ చిల్డ్రన్" అంటే పిల్లల సంఖ్య. సంఖ్య తగ్గింది, కాబట్టి "హ్యాజ్ ఫాలెన్". "ఎ నంబర్ ఆఫ్ చిల్డ్రన్" అంటే అనేకమంది పిల్లలు. పిల్లలు వచ్చారు, కాబట్టి "హ్యావ్ కమ్". "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" అంటే నా స్నేహితుల్లో ఒకడు. స్నేహితుల్లో అన్నది బహువచనం గనుక "ఫ్రెండ్స్" అనే రాయాలి, "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అనడం తప్పు. ఒకడు ఉంటాడు గనుక "లివ్స్" రావాలి. తెలుగు వాక్యంలో రెండు జవాబులూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"దేర్"తో మొదలయ్యే వాక్యంలో కర్త క్రియ తరువాత వస్తుంది. గదిలో ముగ్గురు పిల్లలు ఉన్నారు అనడానికి "దేర్ ఆర్ త్రీ చిల్డ్రన్ ఇన్ ద రూమ్" అంటాం. అక్కడ "దేర్" పీట మీద కూర్చున్నా కర్త పిల్లలే.

తెలుగు దారి తప్పించే చోట్లు

పై పద్ధతి చాలా వాక్యాలకు సరిపోతుంది కానీ అన్నిటికీ కాదు. కర్త దొరికిన తరువాత కూడా తెలుగును నమ్మితే మోసపోయే చోట్లు ఉన్నాయి. ఈ వ్యాసంలో జాగ్రత్తగా చదవవలసింది ఈ భాగమే.

మొదటిది "కు" విభక్తి. ఆయనకు ముగ్గురు పిల్లలు ఉన్నారు, నాకు ఈ పుస్తకాలు నచ్చాయి, ఆమెకు రెండు ఇళ్ళు ఉన్నాయి. ఈ వాక్యాల్లో ఉన్నారు, నచ్చాయి, ఉన్నాయి అనే క్రియలు పిల్లలను, పుస్తకాలను, ఇళ్ళను అనుసరిస్తున్నాయి. ఆయన, నేను, ఆమె అనేవాళ్ళు విభక్తి తగిలించుకుని పక్కకు తప్పుకున్నారు. ఇంగ్లీషులో ఆ మనుషులే కర్తలు. "హి హ్యాజ్ త్రీ చిల్డ్రన్", "షి హ్యాజ్ టు హౌసెస్", "ఐ లైక్ దీజ్ బుక్స్" అని రాయాలి. పిల్లలు ముగ్గురు కదా అని "హి హ్యావ్ త్రీ చిల్డ్రన్" అని రాసేవారు చాలామంది ఉన్నారు. ఉండటం, తెలియడం, నచ్చడం, కావలసి ఉండటం, అర్థం కావడం అనే అర్థాల్లో ఇంగ్లీషు క్రియ రాసినప్పుడల్లా తెలుగులో "కు" విభక్తి తీసుకున్న మనిషిని వెతికి, అతనికి క్రియను కలపండి.

రెండోది వ్యతిరేక రూపం. నేను రాలేదు, నువ్వు రాలేదు, అతడు రాలేదు, వాళ్ళు రాలేదు: భూతకాలంలో కాదని చెప్పేటప్పుడు మన క్రియ ఎవరికీ మారదు. తెలుసు, తెలియదు అనేవి కూడా అంతే; నాకు తెలియదు, వాడికి తెలియదు, వాళ్ళకు తెలియదు. "హి డోంట్ నో" అనే తప్పు ఇంత మొండిగా అతుక్కుని ఉండటానికి కారణం ఇదేనని నా అభిప్రాయం; "కు" విభక్తి, మారని వ్యతిరేక రూపం రెండూ ఒకే వాక్యంలో కలిసి వచ్చాయి. అక్కడ "డజంట్" రాయాలి. "డజ్" ఒకసారి వచ్చాక అసలు క్రియకు మళ్ళీ "ఎస్" చేర్చకూడదు, ఎందుకంటే కర్తను అనుసరించే బాధ్యతను "డజ్" అప్పటికే తీసుకుంది. "డజ్ హి నో", "హి డజంట్ నో" అన్నవి సరైనవి. "హి డజంట్ నోస్" తప్పు. "మస్ట్", "కెన్", "షుడ్" వంటి వాటి తరువాత కూడా క్రియకు "ఎస్" ఉండదు. వాడు వెళ్ళాలి, వాళ్ళు వెళ్ళాలి అని మనమూ మార్పు లేకుండానే అంటాం గనుక "హి మస్ట్ గో" గుర్తుంచుకోవడం కష్టం కాదు.

మూడోది "హూ", "విచ్", "దట్" తరువాత వచ్చే క్రియ. కష్టపడే అబ్బాయి, కష్టపడే అబ్బాయిలు అన్నప్పుడు కష్టపడే అన్న మాట మారలేదు. ఇంగ్లీషులో మారుతుంది: "ద బాయ్ హూ వర్క్స్ హార్డ్", "ద బాయ్స్ హూ వర్క్ హార్డ్". "హూ" తనంతట తాను ఏకవచనమూ కాదు, బహువచనమూ కాదు. తన ముందున్న ఏ పదానికి బదులుగా నిలిచిందో దాని వచనమే దానిదీ. అందుకే ఇక్కడ ఒక అడుగు అదనంగా వెయ్యాలి. "హూ" ఎవరు అని అడిగి, జవాబు దొరికాక క్రియను సరిచూడాలి. "షి ఈజ్ వన్ ఆఫ్ దోజ్ టీచర్స్ హూ నెవర్ రైజ్ దెయిర్ వాయిస్" అనే వాక్యంలో గొంతు పెంచనివాళ్ళు ఆ ఉపాధ్యాయులందరూ, ఆమె వారిలో ఒకరు. కాబట్టి "రైజెస్" కాదు, "రైజ్".

నాలుగోది వస్తువుల వచనం. పాలు పొంగాయి, నీళ్ళు కాగాయి, డబ్బులు అందాయి, సామాన్లు దిగాయి, వెంట్రుకలు రాలుతున్నాయి. తెలుగులో ఇవన్నీ బహువచనాలు. ఇంగ్లీషులో "మిల్క్", "వాటర్", "మనీ", "లగేజ్", "హెయిర్" ఏకవచన క్రియనే తీసుకుంటాయి, "ఎస్" చేర్చుకోవు: "ద మనీ హ్యాజ్ కమ్", "మై హెయిర్ ఈజ్ ఫాలింగ్". "ఇన్ఫర్మేషన్", "ఫర్నిచర్", "ఎక్విప్‌మెంట్", "అడ్వైస్" అనేవి కూడా ఈ జాతివే. "న్యూస్" చివర "ఎస్" ఉన్నా అది ఏకవచనమే. దీనికి ఎదురు దిక్కున, తెలుగులో ఏకవచనమై ఇంగ్లీషులో బహువచనమైన వస్తువులు ఉన్నాయి. కత్తెర కనబడటం లేదు అంటాం, "ద సిజర్స్ ఆర్ మిస్సింగ్" అనాలి. ప్యాంటు చిరిగింది అంటాం, "ద ట్రౌజర్స్ ఆర్ టోర్న్" అనాలి. కళ్ళజోడుకు "గ్లాసెస్ ఆర్". వీటి సర్వనామాలు కూడా క్రియ వెంటే నడుస్తాయి: డబ్బును "ఇట్" అనాలి, కత్తెరను "దెమ్" అనాలి. డబ్బులు ఇచ్చాను, వాటిని దాచుకో అనే మన వాక్యం "కీప్ దెమ్" అయిపోవడం తరచూ కనిపించే తప్పు.

ఒక మొత్తాన్నో దూరాన్నో చెప్పేటప్పుడు కూడా ఇంగ్లీషు ఏకవచనం వైపే మొగ్గుతుంది. ఐదు వేల రూపాయలు సరిపోతాయి అని మనం లెక్కను చూసి చెబితే, "ఫైవ్ థౌజండ్ రుపీస్ ఈజ్ ఎనఫ్" అని వాళ్ళు మొత్తాన్ని ఒక ముద్దగా చూసి చెబుతారు.

గౌరవం, వచనం

మా నాన్నగారు వచ్చారు, కలెక్టర్ గారు సంతకం చేశారు, వారు రేపు బయలుదేరతారు. తెలుగులో గౌరవం బహువచన రూపంలో కనిపిస్తుంది. ఇంగ్లీషులో మనిషి ఎంత పెద్దవాడైనా ఒక్కడైతే ఏకవచనమే: "మై ఫాదర్ హ్యాజ్ కమ్", "ద కలెక్టర్ హ్యాజ్ సైన్డ్". పెద్దవారిని "హి" అనడానికి మనసొప్పక "దే" అని రాసేవారు ఉంటారు. చదివేవారికి అక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారన్న భ్రమ కలుగుతుంది. గౌరవం చూపదలిస్తే "సర్", "మేడమ్" అనో, పదవి పేరో, "కైండ్లీ" వంటి మాటో వాడండి గాని వచనాన్ని కదిలించకండి.

ఇంగ్లీషులో కూడా ఒకప్పుడు ఇదే పద్ధతి ఉండేది. ఒక్కరిని చనువుగా పిలవడానికి "దౌ" ఉండేది. "యూ" బహువచనం, గౌరవవచనం కూడా, అచ్చంగా మన మీరు లాగే. 17వ శతాబ్దంలో మామూలు వాడుకలోంచి "దౌ" జారిపోయి "యూ" ఒక్కటే అందరికీ మిగిలింది. ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు కూడా "యూ ఆర్" అని బహువచన క్రియ వాడటం ఆ పాత గౌరవవచనం మిగిల్చిన గుర్తు.

ఎవరో వచ్చారు, ప్రతి ఒక్కరూ వచ్చారు అనే వాక్యాలు కూడా ఇక్కడే చెప్పాలి. ఎవరు, ఒక్కరు అనే మాటలు మనిషిని సూచించేవి కావడం వల్ల తెలుగు వాటికి వచ్చారు అనే రూపమే ఇస్తుంది. ఇంగ్లీషు "సంబడీ", "ఎవ్రీవన్", "ఈచ్", "నోబడీ" అనేవాటికి ఏకవచన క్రియ వస్తుంది: "సంబడీ హ్యాజ్ కమ్", "ఎవ్రీవన్ నోస్". కానీ సర్వనామం దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ప్రతి ఒక్కరూ తమ పుస్తకం తెచ్చుకోవాలి అనడానికి "ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ దెయిర్ బుక్" అనవచ్చునా, "హిజ్ బుక్" అనే అనాలా?

ఈ తగవు పాతది. ఏకవచనార్థంలో "దే" వాడకం 14వ శతాబ్దం నుంచీ ఇంగ్లీషు రాతల్లో ఉంది. 18వ శతాబ్దపు వ్యాకరణకర్తలు వచనం కుదరదని దానికి అభ్యంతరం చెప్పి, ఆడా మగా ఎవరైనా కావచ్చు అన్నప్పుడు "హి" వాడమన్నారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఒక చట్టం, శాసనాల్లోని పుంలింగ పదాలు స్త్రీలకు కూడా వర్తిస్తాయని చెప్పింది. మన దేశపు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 13వ సెక్షన్ కూడా అదే మాట చెబుతుంది. అయినా జనం నోట "దెయిర్" పోలేదు. 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు "దే"ని ఆ ఏటి మాటగా ప్రకటించింది. పరిశోధన పత్రాలకు ప్రామాణికంగా వాడే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి గ్రంథం అదే ఏడాది వెలువడిన 7వ ముద్రణలో ఈ వాడుకను సమర్థించింది. నా సలహా ఇది: ఉత్తరాల్లో, నివేదికల్లో "దెయిర్" నిస్సంకోచంగా వాడండి, లేదా వాక్యాన్నే బహువచనం చేసి "ఆల్ ఎంప్లాయీస్ షుడ్ సబ్మిట్ దెయిర్ ఫామ్స్" అని రాయండి. పోటీ పరీక్షలో తప్పు గుర్తించమనే ప్రశ్నలో మాత్రం పాత నియమాన్ని మనసులో ఉంచుకోండి, ఎందుకంటే అటువంటి ప్రశ్నలు చాలావరకు పాత వ్యాకరణ పుస్తకాల ప్రకారమే తయారవుతాయి.

సర్వనామాల్లో తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. మన కుటుంబ బంధాలను బహువచనంతో చెబుతాం: మా అమ్మ, మా ఆవిడ, వాళ్ళ నాన్న. సీత వాళ్ళ నాన్నతో వచ్చింది అన్న వాక్యాన్ని "సీత కేమ్ విత్ దెయిర్ ఫాదర్" అని రాస్తే, నాన్న ఎవరికి అన్న సందేహం పుడుతుంది. సీత ఒక్కతే గనుక "హర్ ఫాదర్". మా ఆవిడ అన్నప్పుడైతే "మై వైఫ్" తప్ప మరో మాట లేదు. తన అనే మాటకు తెలుగులో లింగభేదం లేదు కాబట్టి "హిజ్", "హర్" ఎంచుకునేటప్పుడు కూడా ఒక క్షణం ఆగి, ఆ వస్తువు ఎవరిదో ఆ మనిషిని చూసి రాయాలి.

సంస్థల పేర్లు

"కమిటీ", "టీమ్", "గవర్నమెంట్" వంటి సమూహ నామాలకు అమెరికాలో ఏకవచన క్రియ వాడటం పరిపాటి. బ్రిటన్‌లో రెండూ వాడతారు. సభ్యులను మనసులో పెట్టుకుంటే "ద టీమ్ ఆర్", మొత్తాన్ని ఒకటిగా చూస్తే "ద టీమ్ ఈజ్". ఏది ఎంచుకున్నా సర్వనామం క్రియను దాటిపోకూడదు. "ద కమిటీ హ్యాజ్ సబ్మిటెడ్ ఇట్స్ రిపోర్ట్" సరే, "హ్యావ్ సబ్మిటెడ్ దెయిర్ రిపోర్ట్" కూడా సరే. "హ్యాజ్" అని మొదలుపెట్టి "దెయిర్"తో ముగించడం శ్రద్ధగా రాసేవారు చేయరు. కాలంతో పాటు ఈ చూపు మారడానికి అమెరికా రాజ్యాంగమే సాక్ష్యం. బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి 13వ సవరణ "యునైటెడ్ స్టేట్స్"ను ఉద్దేశించి "దెయిర్ జురిస్డిక్షన్" అని బహువచన సర్వనామం వాడింది. నేడు అదే పేరుకు "ఇట్స్" తప్ప మరొకటి ఎవరూ రాయరు.

"నైదర్", "నార్" జంట పరీక్షల్లో కనిపించినంతగా ఉత్తరాల్లో కనిపించదు. దానికి, "ఐదర్", "ఆర్" జంటకూ నియమం ఒక్కటే: క్రియ తనకు దగ్గరున్న పదాన్ని అనుసరిస్తుంది. "నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ వర్ ప్రెజెంట్".

ఒక ఉత్తరం ముక్కను సరిచేద్దాం

ఇంతవరకు చెప్పింది పనిలో ఎలా దిగుతుందో చూడటానికి, నేను తప్పులతో కూర్చిన ఈ నాలుగు వాక్యాలను తీసుకోండి. "అవర్ ప్రిన్సిపాల్ హ్యావ్ గివెన్ ఎ లిస్ట్ ఆఫ్ బుక్స్. ద కాస్ట్ ఆఫ్ ద బుక్స్ విచ్ ఈజ్ నీడెడ్ ఆర్ ట్వెంటీ థౌజండ్ రుపీస్. ద మనీ ఆర్ రెడీ. ద సప్లయర్ డోంట్ యాక్సెప్ట్ దెమ్ ఇన్ క్యాష్."

మొదటి వాక్యంలో "హ్యావ్" ప్రిన్సిపాల్ గారి మీద గౌరవంతో వచ్చింది. మనిషి ఒక్కరే గనుక "హ్యాజ్". రెండో వాక్యంలో వర్తమానకాల క్రియలు రెండున్నాయి. "విచ్" దేనికి బదులు నిలిచిందని అడిగితే కావలసినవి పుస్తకాలు అని జవాబు వస్తుంది, కాబట్టి అక్కడ "ఆర్ నీడెడ్". రెండో క్రియకు కర్త కావలసిన పుస్తకాల ఖరీదు. చివర నిలిచింది ఖరీదు గనుక "ఈజ్ ట్వెంటీ థౌజండ్ రుపీస్". ఒకే వాక్యంలో రెండు క్రియలూ తారుమారుగా పడ్డాయని గమనించండి. మూడోదానిలో డబ్బులు అన్న తెలుగు బహువచనం దూరింది. "ద మనీ ఈజ్ రెడీ". నాలుగోదానిలో సరఫరాదారు ఒక్కడు, కాబట్టి "డజంట్ యాక్సెప్ట్", చివర ఎస్ లేకుండా. అతను తీసుకోనిది డబ్బు, కాబట్టి "దెమ్" స్థానంలో "ఇట్". మీ సొంత ఉత్తరం మీద కూడా ఇదే వరుసలో, క్రియ నుంచి కర్తకు, కర్త నుంచి సర్వనామానికి వెళ్ళండి. సర్వనామాలను చివరగా, విడిగా ఒకసారి చదవడం మేలు, ఎందుకంటే అవి తాము సూచించే పేరుకు ఒకటి రెండు వాక్యాల దూరంలో ఉండి, క్రియలను చూసే చదువులో కంటికి చిక్కవు.